ఈ-వీసానా, దిగాక వీసానా: బెజవాడ, గుంటూరు కుటుంబాలకు ఏది మేలు?

సంక్రాంతి సెలవులకో, ఎండాకాలంలోనో పిల్లాపాపలతో విదేశం వెళ్దామనుకుంటే మన వైపు ముందు చూసేది టికెట్ ధర. తర్వాత ప్యాకేజీ. వీసా మాటెత్తితే ‘ఏజెంటు చూసుకుంటాడులే’ అంటారు. నన్నడిగితే ఏ దేశం మనల్ని ఏ పద్ధతిలో రానిస్తుందో తేలాకే టికెట్ కొనాలి.

పద్ధతులు నాలుగు. వీసా అక్కర్లేని దేశాలు, విమానం దిగాక ఇచ్చే వీసా, ఇంట్లో కూర్చుని తెచ్చుకునే ఈ-వీసా, పాస్‌పోర్టులో అంటించే స్టిక్కర్ వీసా. వీటిలో చాలాసార్లు మన చేతిలో ఏమీ ఉండదు, ఆ దేశం ఏది చెబితే అదే. నిజంగా ఎంచుకునే వీలున్నది మధ్య రెండింటి దగ్గరే. బాలి సంగతే తీసుకోండి. ఇండోనేషియా మనవాళ్లకు 30 రోజుల వీసాను దిగాకైనా ఇస్తుంది, ముందే ఆన్‌లైన్‌లోనైనా ఇస్తుంది. రుసుము రెండింటికీ వాళ్ల కరెన్సీలో 5 లక్షల రుపియా. ఇంకో 30 రోజులకు ఒకసారి పొడిగించుకోవచ్చు. బాలి పర్యాటక రుసుము లక్షన్నర రుపియా దీనికి అదనం, 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్నారు.

డబ్బు ఒకటే అయినప్పుడు నా ఓటు ఆన్‌లైన్‌కే. కారణం క్యూ ఒక్కటే కాదు. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకన్నా తక్కువ ఉందనో, ఫొటో సరిగ్గా లేదనో ఇంట్లో ఉండగా తెలిస్తే దిద్దుకోవడానికి టైం ఉంటుంది. అదే విమానాశ్రయం కౌంటర్లో తెలిస్తే ఎక్కనివ్వరు. కాగితాలు సరిగా లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే వెనక్కి తెచ్చే భారం విమాన సంస్థదే, జరిమానా కూడా పడుతుంది. అందుకే వాళ్లు అంత గట్టిగా ఉంటారు. అర్ధరాత్రి పెద్దవాళ్లతో, నిద్రమొహం పిల్లలతో ఆ టెన్షన్ ఎందుకు?

ఈ-వీసాకూ ఇబ్బంది లేకపోలేదు. కట్టిన డబ్బు తిరిగి రాదు. వియత్నాంనే చూడండి. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల వరకు ఇస్తోంది, ఒకసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు, పలుమార్లకు 50. తిరస్కరించినా, మన ప్రయాణం ఆగిపోయినా ఆ డాలర్లు పోయినట్టే. అక్షరం తప్పు పడితే చాలాసార్లు మళ్లీ దరఖాస్తే, మళ్లీ రుసుమే. ప్రయాణం ఖాయమో కాదో తేలనివాళ్లకూ, ఉన్నట్టుండి బయల్దేరేవాళ్లకూ దిగాక తీసుకునే వీసాయే నయం, ఆ దేశం ఇస్తుంటే.

మన తెలుగువాళ్ల ఫారాల్లో తప్పు పడేది ఎక్కువగా పేరు దగ్గరే. ఇంటిపేరు, పేరు విడివిడిగా రాయాల్సిన చోట ఒకటే గడిలో కుక్కేస్తాం, లేదా ఇంటిపేరును ఒక్క పొడి అక్షరం చేస్తాం. ఫారం నింపేటప్పుడు పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసలు చూడండి. పై వరుసలో దేశం గుర్తు తర్వాత ముందు వచ్చేది ఇంటిపేరు, రెండు బాణం గుర్తుల తర్వాత వచ్చేది మీ పేరు. ఫారంలోనూ అచ్చం అలాగే ఉండాలి. నంబరు మామూలుగా ఒక ఇంగ్లీషు అక్షరం, ఏడు అంకెలు. ఆ ఏడింటిలో గుండ్రంగా కనిపించేదల్లా సున్నాయే, ‘ఓ’ కాదు. ఇంటిపేరు గడే ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. 2022 నవంబరులో యూఏఈ అలా ఒంటి పేరుతో ఉన్న పాస్‌పోర్టులకు సందర్శక వీసా ఇవ్వబోమంది. చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని ఆ తర్వాత సడలించింది. మీది అలా ఉంటే టికెట్లకన్నా ముందు విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో స్లాట్ తీసుకోండి.

వీసా అక్కర్లేని దేశాలు మొదటిసారి వెళ్లేవాళ్లకు హాయి. థాయ్‌లాండ్ 2023 నవంబరులో మనకు వీసా తీసేసింది, 2024 జూలైలో గడువును 60 రోజులకు పెంచింది. మలేషియా 2023 డిసెంబరు నుంచి 30 రోజులు ఉండనిస్తోంది. ఇవి ఆ ప్రభుత్వాలు ఎప్పుడైనా మార్చుకోగలిగేవి కాబట్టి టికెట్ కొనే రోజున అక్కడి అధికారిక వెబ్‌సైట్ చూడాలి. పైగా రెండు దేశాలకూ దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపే డిజిటల్ కార్డు ఉంది. అది ఉచితం. దానికి డబ్బులడిగే వెబ్‌సైట్ ప్రభుత్వానిది కాదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చేతిలో ఉంచుకోండి, అధికారి అడగొచ్చు.

నేపాల్, భూటాన్లకైతే పాస్‌పోర్టు లేకున్నా ఓటరు కార్డు చాలు. 15 నుంచి 65 ఏళ్ల లోపు వాళ్లకు ఆధార్ చెల్లదని మాత్రం గుర్తుంచుకోవాలి. భూటాన్ మనిషికి రాత్రికి 1,200 రూపాయలు తీసుకుంటుంది. నలుగురు పెద్దవాళ్లు నాలుగు రాత్రులుంటే 19,200. వీసా లేదు కదా అని ఖర్చు లేదనుకోకూడదు.

స్టిక్కర్ వీసాలో మనకు బేరం లేదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాకు 2024 జూన్ నుంచి 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా, వేలిముద్రలు. కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు పడాలి, ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. ఆఖరు వారం దాకా ఆగకండి.

ఇక అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు. మన రెండు ఊళ్లలో వీధికో ఇల్లుంటుంది. ‘మాకు పదేళ్ల వీసా ఉందండీ’ అంటారు ధీమాగా. ఆ పదేళ్లు విమానం ఎక్కి వెళ్లి, లోపలికి రానివ్వమని అడగడానికి. ఎన్నాళ్లు ఉండాలో చెప్పేది అక్కడ దిగినప్పుడు అధికారి నమోదు చేసే ఐ-94. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఇప్పుడది కాగితం కాదు, ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. ఆ తేదీ దాటితే పదేళ్ల వీసా రద్దవుతుంది, 180 రోజులకు మించి దాటి ఉండిపోతే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. కూతురి కాన్పు ఆలస్యమైందనో, మనవడిని చూసుకోవాలనో ఇంకా ఉండాల్సి వస్తే ఐ-94 తేదీ లోపే గడువు పొడిగించమని ఐ-539 ఫారం పెట్టాలి. దిగిన రోజే పిల్లల చేత ఆ తేదీ తీయించి చూసుకుని, తిరుగు టికెట్ దానికి ముందే ఉండేలా చూసుకోండి.