కౌన్సెలింగ్‌లో మాటలతో పాటు బొమ్మలు: రెండేళ్లు వెళ్లాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, బొమ్మలు వేయడం రాకపోయినా పర్లేదు. నాకు ఇప్పటికీ రాదు.

అమ్మ పోయాక నిద్ర పట్టక, అందరి మీదా చిరాకు పడుతుంటే సైకియాట్రిస్టు మందులు రాసి కౌన్సెలింగ్‌కు పంపారు. మొదట్లో మాటలే. కొన్ని నెలలకు నా కథ నాకే బట్టీ వచ్చేసింది, ఎక్కడ కళ్లు తుడుచుకోవాలో కూడా. అప్పుడు మా థెరపిస్టు సెషన్‌లో కొంతసేపు బొమ్మలకు ఇద్దామన్నారు. ఆవిడ క్లినికల్ సైకాలజిస్టు, ఆర్ట్ థెరపీలో విడిగా శిక్షణ తీసుకున్నారు.

వెళ్లగానే ఆ వారం సంగతులు కాసేపు. తర్వాత ఓ అరగంట చేతిపని. ఆవిడ పక్కనే ఉంటారు, మాట్లాడరు. చివర్లో వేసినదాన్ని గోడకు అంటించి చూస్తూ మాట్లాడుకుంటాం. అర్థాలు ఆవిడ చెప్పరు. నల్లరంగు వాడితే డిప్రెషన్ అంటూ జోస్యం చెప్పేవాళ్లు తగిలితే లేచి వచ్చేయండి.

ఒకసారి ఆసుపత్రి గది వేయమన్నారు. ఆయిల్ పాస్టెల్స్‌తో వేశాను. మంచం ఓ మూల చిన్నగా వచ్చింది, స్టీల్ క్యారియర్ మాత్రం సగం కాగితం ఆక్రమించింది. "బరువుగా ఉందా?" అన్నారు, అంతే. "ఇద్దరు అన్నయ్యలున్నారండీ, ఒక్క పూటైనా పట్టుకొచ్చారా?" అనేశాను. అన్ని నెలల మాటల్లో ఈ ఊసే రాలేదు. దుఃఖం అనుకున్నదాంట్లో సగం కోపమే. దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం బొమ్మ చెప్పలేదు. దానికి మళ్లీ వారాల తరబడి మాటలే కావాల్సి వచ్చింది. పెద్దన్నయ్యతో ఏమనాలో అక్కడే రిహార్సల్ చేసుకుని, వెళ్లి అనేశాను.

పెన్సిల్ ఇస్తే నేను ముగ్గు పెట్టినట్టు చుక్కలు కొలిచి గీస్తాను. అది గమనించి వాటర్ కలర్స్, తర్వాత బంకమట్టి ఇచ్చారు. రంగు చెప్పినమాట వినకుండా పారిపోతుంటే ఒళ్లు మండేది. పెన్సిల్ లాంటివి మనిషిని అదుపులో ఉంచుతాయి, నీళ్ల రంగులు, మట్టి లోపలున్నదాన్ని త్వరగా పైకి తెస్తాయి అన్నది ఆర్ట్ థెరపీ చేసేవాళ్ల లెక్క. అందుకే నేను బాగా కదిలిపోయి వెళ్లిన రోజు మళ్లీ పెన్సిలే చేతికిచ్చేవారు. ఇంట్లో కలరింగ్ బుక్ ముందేసుకుంటే ఇది జరగదు.

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 39 మందితో 45 నిమిషాలు ఇలాంటి పని చేయిస్తే దాదాపు ముప్పావు వంతు మందిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది, అనుభవం ఉన్నా లేకున్నా. చిన్న స్టడీ. పైగా ఆ పూటకు టెన్షన్ తగ్గడం వేరు, అమ్మ లేని ఇంట్లో ఉండగలగడం వేరు.

లోపాలా? ఫీజు ఎక్కువే. ఇంకా పెద్ద తలనొప్పి ఆర్ట్ థెరపీ అన్న పేరును ఎవరు పడితే వాళ్లు వాడుకోవడం. ఒక వీకెండ్ వర్క్‌షాపులో మండలాలకు, అంటే గుండ్రటి డిజైన్లకు, రంగులు వేయించి, అడగకుండా మా బొమ్మల ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేశారు. బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్టు అని చెప్పుకోవాలంటే అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదై ఉండాలి. ఇక్కడ ఆ పట్టింపు లేదు కాబట్టి, క్లినికల్ సైకాలజిస్టుగా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, బొమ్మలు ఎక్కడ దాస్తారు, ఎవరికి చూపిస్తారు అని మొదటిరోజే అడగండి. మొహమాటం వద్దు.

బతకాలని లేదు అనిపిస్తున్నవాళ్లు మాత్రం ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.