‘సుమారు’ అని రాసుకోనిచ్చే సాఫ్ట్‌వేర్: గ్రాంప్స్‌తో ఆరేళ్ళు

నేను కథలు రాస్తాను. వాటిలో ఎక్కువ మా ఇంట్లోవాళ్ళ నుంచి వచ్చినవే. అమ్మమ్మ చెప్పినవి, పాత ఉత్తరాల్లో దొరికినవి, ఫొటోల వెనక పెన్సిల్‌తో రాసి ఉన్నవి. ఆరేళ్ళ క్రితం దాకా ఇవన్నీ మూడు నోట్‌బుక్కుల్లో రాసుకునేదాన్ని. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏది ముందు జరిగిందో చూసుకోవాలంటే ప్రతిసారీ మూడూ తిరగేయాల్సి వచ్చేది. అప్పుడు గ్రాంప్స్ మొదలుపెట్టాను. కుటుంబ చరిత్ర నమోదు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 2001లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. ఇప్పుడు నా దాంట్లో నాలుగు వందల మందికి పైగా ఉన్నారు.

వంశవృక్షం గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. నేను దీన్ని వదలకపోవడానికి కారణం వేరు. సగం తెలిసిన సంగతిని సగం తెలిసినట్టుగానే ఉంచుకోనిస్తుంది. తేదీ గడిలో ‘సుమారు 1931’ అనో, ‘1940కి ముందు’ అనో, ‘ఫలానా ఏడాదికీ ఫలానా ఏడాదికీ మధ్య’ అనో పెట్టుకోవచ్చు. అలా పెట్టినా వరసలో సరైన చోటే చూపిస్తుంది. ప్రతి సంగతికీ అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆధారం జోడించి, ఆ ఆధారాన్ని ఎంతవరకు నమ్మొచ్చో ఐదు మెట్లలో గుర్తు పెట్టొచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచుకోవచ్చు. ఒకటి కొట్టేయక్కర్లేదు.

దీనివల్లే నా కథల్లో నాకు ఇష్టమైనది పుట్టింది. అమ్మమ్మ వాళ్ళ పెద్దన్నయ్య ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. “మా నాన్న పోయాకే అన్నయ్య వెళ్ళాడు” అని అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది. తర్వాత ఆయన రాసిన ఉత్తరం ఒకటి దొరికింది. 1938 నాటిది. ‘నాన్నగారికి’ అని మొదలవుతుంది, ఇంటికి రాలేనని ఉంటుంది. అంటే తండ్రి బతికుండగానే వెళ్ళారు. రెండిటినీ వేర్వేరు సంఘటనలుగా చేర్చాను. ఉత్తరానికి ‘చాలా ఎక్కువ’ నమ్మకం, అమ్మమ్మ మాటకి ‘తక్కువ’. అలా పెడుతుంటే మనసు ఒప్పుకోలేదు, అయినా పెట్టాను.

ఏడాది పాటు ఏది నిజమా అనే ఆలోచిస్తూ ఉండిపోయాను. ఇందులో ఒక తేదీ ఇస్తే ఆ రోజుకి ఎవరెవరి వయసు ఎంతో చూపించే సదుపాయం ఉంది. ఒకరోజు ఆ ఉత్తరం తేదీ ఇచ్చి చూశాను. వాళ్ళమ్మకి 37, వెళ్ళిపోయిన అన్నకి 20, చివరి చెల్లెలికి ఇంకా ఏడాది నిండలేదు. అమ్మమ్మకి ఏడేళ్ళు. ఆ ఏడు అనే అంకె చూశాక ఇంక తేదీ సంగతి వదిలేశాను. ఏడేళ్ళ పిల్లకి ఇంట్లో ఏం చెప్పి ఉంటారు? తండ్రీకొడుకులు మాటామాటా అనుకున్న సంగతి ఆ పిల్ల ముందు ఎవరైనా ఎత్తి ఉంటారా? ఆ రాత్రే మొదటి పేజీ రాశాను.

ఇబ్బందులు లేవని కాదు. మనుషులు, కుటుంబాలు, సంఘటనలు, ఊళ్ళు, ఆధారాలు అన్నీ వేర్వేరు విభాగాలు. ఒక పుట్టిన తేదీని ఆధారంతో సహా ఎక్కించాలంటే ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు విండోలు తెరుచుకుంటాయి. అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. మొదట్లో పది మందిని మాత్రమే ఎక్కించి, వాళ్ళ వివరాలు పూర్తిగా రాయడం మంచిది. కంప్యూటర్ మీద వాడేది కాబట్టి పెద్దవాళ్ళ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, ఇంటికి వచ్చాక ఎక్కిస్తాను.

ఫొటోల విషయంలో జాగ్రత్త. గ్రాంప్స్ వాటిని తనలో దాచుకోదు, అవి ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో మాత్రమే గుర్తుంచుకుంటుంది. నేను ఒకసారి ఆ ఫోల్డర్ పేరు మార్చాను, ఒక్క ఫొటో కూడా కనబడలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. తర్వాత మీడియా మేనేజర్ అనే టూల్‌తో దారులన్నీ ఒకేసారి సరిచేయొచ్చని తెలిసింది. అప్పటి నుంచి బ్యాకప్ తీసేటప్పుడు ఫొటోలు కూడా కలిసి ఉండే ప్యాకేజీగానే తీస్తున్నాను, రెండు చోట్ల పెడుతున్నాను.

బతికున్నవాళ్ళ గురించి రాసేవాళ్ళకి తాళం గుర్తు ముఖ్యం. ఏ సంగతి మీదైనా అది నొక్కి ప్రైవేట్ చేస్తే, ఇంకొకరికి ఇచ్చే ఫైల్‌లో అది లేకుండా చేసుకోవచ్చు. పిన్ని నాకు ఒక్కదానికే చెప్పిన మాటలు అలాగే ఉన్నాయి. అవి కథల్లోకి రావు.

పేర్లూ తేదీలూ చాలు, చక్కటి చార్ట్ కావాలి అనుకునేవాళ్ళు ఇంతకన్నా తేలికైనది చూసుకోవచ్చు. రాసేవాళ్ళకి మాత్రం గట్టిగా చెబుతాను, దీనికి పెట్టే ఓపిక వృథా పోదు.

పోయిన వారం పిన్ని ఒక ఫొటో ఇచ్చింది. ఇద్దరు అమ్మాయిలు, వెనక ‘మేమిద్దరం’ అని అమ్మమ్మ చేతిరాత. రెండో అమ్మాయి ఎవరో పిన్నికీ తెలియదు. పేరు గడి ఖాళీగా ఉంచి ఆమెని చేర్చాను. పుట్టిన తేదీ దగ్గర ‘1925కీ 1935కీ మధ్య’ అని పెట్టాను.