మారిషస్‌లో ఏడు రోజులు: ఎక్కడ డబ్బు దండగ, ఎక్కడ కాదు

మారిషస్ అనగానే మా కాకినాడలో అందరికీ హనీమూన్ గుర్తొస్తుంది. మేం వెళ్ళింది పెళ్ళయిన పదమూడేళ్ళకి, పదేళ్ళ కొడుకుని వెంటేసుకుని. వీసా కోసం ముందుగా తిరగక్కర్లేదు, దిగాక ఎయిర్‌పోర్ట్‌లో ముద్ర కొడతారు, పైసా తీసుకోరు. టెన్షన్ అంతా ఎక్కడ ఉండాలన్నదే.

మొదటి మూడు రాత్రులు ఉత్తరాన గ్రాండ్ బే వైపు ఒక రిసార్ట్‌లో దిగాం. గేటు దగ్గరే పచ్చటి ఆకు బొమ్మ, పర్యావరణ హోటల్ అని బోర్డు. టవల్ మళ్ళీ వాడి ప్రకృతిని కాపాడమని బాత్రూంలో ఒక కార్డు. మిట్టమధ్యాహ్నం ఎండలో లాన్ మీద నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి, మేం గదిలో లేకపోయినా ఏసీ తిరుగుతూనే ఉంది. బఫేలో శాకాహారం అంటే పాస్తా. బీచ్ బాగుంది, కాదనను. కానీ అంత డబ్బు పెట్టాల్సింది కాదు.

మిగతా నాలుగు రాత్రులు ఆగ్నేయంలో ఉన్న మహేబూర్‌లో, ఒకరి ఇంట్లో మేడమీద గది. అద్దె రిసార్ట్‌లో సగం కూడా లేదు. జూన్ అక్కడ చలికాలం కాబట్టి రాత్రంతా గాలి కిటికీలు బాదింది, వేడినీళ్ళు వచ్చేలోపు సహనం కావాలి. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. సందు చివర బండి మీద దాల్ పూరీ దొరుకుతుంది. మన బొబ్బట్టులో బెల్లం తీసేసి, పల్చగా వత్తి, బీన్స్ కూర, పచ్చడి చుట్టిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. సోమవారం సంత తప్పకుండా చూడండి. బస్సులు మంచివే, సాయంత్రం ఆరు దాటాక మాత్రం వాటిని నమ్ముకోవద్దు. టాక్సీ ఎక్కేముందే బేరం తేల్చుకోవాలి, మీటరు వెయ్యరు.

ఇక అసలు సంగతి, ఇల్ ఓ జేగ్రెట్. కొంగల దీవి అని అర్థం. మహేబూర్ దగ్గరి తీరం నుంచి కిలోమీటరు కూడా ఉండదు, పడవలో కాసేపే. వైశాల్యం 26 హెక్టార్లు. 1965 నుంచి రక్షిత ప్రాంతం. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ చూసుకుంటోంది. గైడ్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. టికెట్ చవక కాదు, మా ఆయన మొదట గొణిగాడు కూడా.

తక్కువ వానకి పెరిగే తీరప్రాంతపు అడవి మారిషస్‌లో మిగిలింది దాదాపు ఇక్కడే. డచ్చివాళ్ళు నల్లటి చేవ కోసం ఎబొనీ చెట్లు నరికేశారు. అది మన బీడీ ఆకు తునికి చెట్టుకి దాయాదే. తర్వాత ఎలుకలొచ్చాయి, పిల్లులొచ్చాయి, బయటి మొక్కలొచ్చాయి. వాటిలో ఒకటి ఏదో తెలిశాక నాకు నవ్వొచ్చింది: సుబాబుల్. మన దగ్గర కాగితం మిల్లులకని రైతులు వేసుకునే చెట్టుని ఇక్కడ వేళ్ళతో సహా పీకేస్తున్నారు.

దారిలో ఒక పెద్ద తాబేలు అడ్డంగా పడుకుని ఉంది. మావాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అది మెడ చాపి, రాలిన పండొకటి నోట కరిచి, నమలకుండానే మింగేసింది. ఈ దీవి సొంత తాబేళ్ళు ఎప్పుడో అంతరించాయి. ఇవి సీషెల్స్‌లోని అల్దాబ్రా జాతివి. 2000లో వీటిని తెచ్చి వదిలాక ఎబొనీ మొలకలు పెరిగాయట, వీటి పొట్టలోంచి బయటపడ్డ గింజ బాగా మొలుస్తుంది కాబట్టి. గైడ్ పేడలోంచి ఒక గింజ తీసి చూపించాడు. మావాడు అరచేతిలో పెట్టించుకున్నాడు, నేను రెండడుగులు వెనక్కి వేశాను.

గులాబీ పావురం కూడా కనబడింది. కాళ్ళకి రంగు రింగులున్నాయి, ఏ పక్షి ఏదో గుర్తుపట్టడానికి. 1990 ప్రాంతంలో అడవిలో పది వరకే మిగిలాయి. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. టికెట్ డబ్బు ఎటు పోతోందో కళ్ళెదుటే కనబడింది, మా ఆయన గొణుగుడు ఆగింది.

ఆ దీవి పక్కనే 2020 జులై 25న వకాషియో అనే ఓడ పగడపు దిబ్బ ఎక్కేసింది. ఆగస్టు మొదటివారంలో సుమారు వెయ్యి టన్నుల ఇంధన నూనె సముద్రంలో కలిసింది. ఊళ్ళోవాళ్ళు చెరకు ఆకులు గుడ్డ గొట్టాల్లో కూరి, కుట్టి, నీళ్ళలో అడ్డం వేశారు. మేం దిగిన ఇంటి యజమానురాలు అప్పుడు మూడు రోజులు మిషన్ మీంచి లేవలేదట.

బ్లూ బేలో మాత్రం మనసు చివుక్కుమంది. 1997 నుంచి అది సముద్ర పార్కు. గాజు అడుగు పడవలో పగడాలు చూపిస్తారు. మా పడవవాడు చేపలు దగ్గరకి రావాలని బ్రెడ్డు ముక్కలు విసురుతున్నాడు. చేపలకి మంచిది కాదు, వద్దంటే "పిల్లాడికి సరదా కదా మేడమ్" అన్నాడు. పడవ ఎక్కేముందే బ్రెడ్డు వేయనంటేనే వస్తామని చెప్పండి.

బ్లాక్ రివర్ గార్జెస్ పార్కుకి ఒక రోజు చాలదు. దారి పొడుగునా చైనా జామ. చిన్న ఎర్ర పండ్లు, ఉప్పూ కారం చల్లి రోడ్డు పక్కన అమ్ముతారు, మాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే దేశవాళీ అడవిని మింగేస్తున్నది ఈ జామే. రెండు పొట్లాలు తిన్నాం, ఒకటి అపరాధ భావంతో.

చివరి సాయంత్రం ఒక తెలుగువాళ్ళ గుడికి వెళ్ళాం. అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. మనవాళ్ళని ఒకప్పుడు కోరింగీలనేవారు, కోరంగి రేవులో ఓడ ఎక్కి చెరకు తోటలకి వచ్చారు కాబట్టి. గుళ్ళో ఒక పెద్దావిడ మాది కాకినాడ అని తెలియగానే నా చెయ్యి పట్టుకుంది. తెలుగు నాలుగు ముక్కలే వచ్చు, మిగతాదంతా ఇంగ్లీషు. "కోరంగిలో ఇప్పుడూ ఓడలు వస్తాయా అమ్మా?" అని అడిగింది. రావండీ, ఇప్పుడదంతా మడ అడవి, నీటిపిల్లులు తిరుగుతాయి అని చెప్పి, నిరుడు చెక్క వంతెన మీద తీసిన ఫొటో చూపించాను. ఆవిడ ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వేళ్ళతో ఫొటో పెద్దది చేసుకుంటూ, చెట్ల వెనక నీళ్ళకేసి చాలాసేపు చూసింది.