పారో సీల్ బొమ్మ: పక్కన మనిషి ఉంటేనే

జపాన్‌లో నేను పనిచేసే వృద్ధాశ్రమంలో పారోను కొన్నేళ్లుగా వాడుతున్నాం. సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా తెల్లగా ఉండే ఈ రోబోకు 2009లో అమెరికాలో వైద్య పరికరంగా అనుమతి వచ్చింది. తాకితే తెలిసేలా దానిలో సెన్సర్లున్నాయి. నాకు నచ్చింది దాని బొచ్చు. నిమిరితే తల ఎత్తుతుంది, కళ్లు ఆర్పుతుంది, సన్నగా కూస్తుంది. డిమెన్షియాతో, అంటే మతి తప్పే జబ్బుతో, ఎవరినీ దగ్గరికి రానివ్వని ఒక మామ్మగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని జోకొట్టడం మొదలుపెట్టాక స్నానం దగ్గర గొడవ తగ్గింది.

ఒక సాయంత్రం ఆవిడ ఒళ్లో ఉండగానే పారో ఛార్జింగ్ అయిపోయి కదలడం మానేసింది. మామ్మగారు తట్టి చూశారు, ఊపి చూశారు, పిల్ల చచ్చిపోయిందని గొల్లుమన్నారు. బొమ్మేనండీ అంటే వినే స్థితిలో లేరు. దాని ఛార్జర్ పాలపీకలా ఉంటుంది. అది నోట్లో పెట్టబోతే చచ్చిన పిల్లను హింసిస్తున్నానని నా చెయ్యి తోసేశారు. భోజనం ముట్టలేదు. నిద్రపట్టేదాకా వీపు రాస్తూ, ఎప్పుడో పోయిన కొడుకు గురించి ఆవిడ చెబుతుంటే వింటూ కూర్చున్నాను. మిగతా గదుల్లో డైపర్లన్నీ నాతోటి అమ్మాయి ఒక్కతే మార్చింది.

పారో ఉంటే సగం టెన్షన్ పోతుందని ఒకప్పుడు మా చెల్లెలికి చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే పక్కన ఒకరు కూర్చుని "దీనికి ఆకలేస్తోందేమో చూడండి" అని మాట కలిపినప్పుడే. ఊరికే చేతికిచ్చి వెళ్లిపోతే చాలామంది కాసేపటికే పక్కన పెట్టేస్తారు. హాలు ప్రశాంతంగా ఉంది కదా, సాయంత్రం షిఫ్టులో ఒకరిని తగ్గిద్దామని పైవాళ్లు అన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఆ ప్రశాంతత మనుషులు కూర్చుంటే వచ్చింది. మంచం మీంచి లేపడం, నీళ్లు తాగారో లేదో చూడటం ఆ బొమ్మ పని కాదు. మనుషుల్ని ఎత్తడానికి జపాన్ పరిశోధన సంస్థ రైకెన్ 2015లో చూపించిన రోబేర్ అనే రోబో 140 కిలోల బరువుండేది. అదీ పరిశోధన దాటి రాలేదు.

అమెరికాలో పారో ధర సుమారు 6,000 డాలర్లు. డిమెన్షియా ముదిరి, ఇంట్లో పగలంతా ఎవరో ఒకరు ఉండే పెద్దవాళ్లకైతే పనికొస్తుందనుకుంటాను. కాకినాడలో ఉన్న మా నాన్నగారికి మాత్రం కొనను. ఆయనకు మతి బాగానే ఉంది, మోకాళ్లే సహకరించడం లేదు. ఆ డబ్బు పెడితే చెయ్యి పట్టుకుని బాత్రూమ్‌కి తీసుకెళ్లే మనిషిని ఏడాదికి పైగా పెట్టుకోవచ్చు.