ఉద్యోగమా, ఇల్లా? సంఘంలో పెళ్లికూతురికి ఏది మేలు?

మా కాజీపేట క్రైస్తవ సంఘంలో పెళ్లి కుదిరిన ప్రతి అమ్మాయినీ స్త్రీల కూడికలో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: "ఉద్యోగం మానేస్తావా అమ్మా?" పెళ్లికొడుకును మాత్రం జీతం ఎంత అని అడుగుతారు.

మానేయమనేవారి చేతిలో బైబిలు వాక్యం ఉంది. భార్య భర్తకు లోబడాలని ఎఫెసీయులకు రాసిన పత్రిక 5:22, యౌవన స్త్రీలు ఇంట ఉండి పని చేసుకోవాలని తీతుకు 2:5. వీటిని నేను కొట్టిపారేయను. ముసుగు లేకుండా ప్రార్థనకు కూర్చోనిదాన్ని. ఇంటిపట్టున ఉంటే పిల్లలతో సాయంకాల ప్రార్థన తప్పదు, అత్తమామల మందుల వేళ తప్పదు. నర్సుగా పనిచేసే మా చెల్లెలికి ఆదివారం డ్యూటీ పడితే ఆరాధన పోయినట్టే. ఆ లోటు చిన్నది కాదు.

కానీ ఇంటిపట్టున ఉండటాన్ని 'మన పాత సంప్రదాయం' అంటేనే నాకు మింగుడు పడదు. మా అమ్మమ్మ నాట్లకు వెళ్లింది, పత్తి ఏరింది. జగిత్యాల వైపు చుట్టాలు ఇల్లు కదలలేదు నిజమే, ఒళ్లో బీడీల చాట పెట్టుకుని. మిషన్ల కాలపు బైబిలు స్త్రీలు ఊరూరా తిరిగి వాక్యం చెప్పారు, జీతమూ తీసుకున్నారు. భార్యాభర్తలకు వేర్వేరు పాత్రలని వాదించే అమెరికా క్రైస్తవులు డాన్వర్స్ ప్రకటన రాసుకున్నది 1987లో. ఫోనులో తెల్లటి వంటగది, పొయ్యిలో రొట్టె, నవ్వే ఇల్లాలు కనిపించగానే మా పిల్లలు అదే బైబిలు కాలం అనుకుంటున్నారు.

ఇక బైబిలులోని సామెతల గ్రంథం, 31వ అధ్యాయం. పెళ్లిళ్లలో గుణవతియైన భార్య దగ్గర మొదలుపెట్టి రెండు వచనాలకే ముగిస్తారు. ముందుకు చదవండి. ఆమె పొలం చూసి కొంటుంది, ద్రాక్షతోట నాటిస్తుంది, నారబట్టలు నేయించి అమ్ముతుంది. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వస్తే కమీషన్ ఏజెంట్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాల్సిన మనిషి. చీకటితోనే లేచి ఇంటివాళ్లకు భోజనమూ సిద్ధం చేస్తుంది. అయితే అదే 15వ వచనంలో ఆమెకు పనికత్తెలు ఉన్నారు. మా చెల్లెలికి ఎవరున్నారు? రాత్రి డ్యూటీ దిగి వచ్చి బియ్యం కడిగేదీ ఆమే. ఉద్యోగం వైపు మాట్లాడేవాళ్లు ఈ ముక్కను దాటేస్తారు.

కుట్టుమిషన్, ట్యూషన్ అనే మధ్యే మార్గం చెబుతారు కొందరు. డబ్బు వస్తుంది, ఎవరూ దాన్ని పనిగా లెక్కపెట్టరు.

నా ఓటు ఉద్యోగానికే, వంటలో చెయ్యి కలిపే భర్త దొరికితే. పెళ్లికి ముందు పాస్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టినప్పుడే ఆ సంగతి తేల్చుకోవాలి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5:22కు ముందున్న వచనం ఒకరికొకరు లోబడమని ఇద్దరికీ చెబుతుంది.

మనసారా ఇల్లే కావాలనుకున్న అమ్మాయిని తప్పుపట్టను. ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి: 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా క్రైస్తవ భర్త చనిపోతే, పిల్లలున్న భార్యకు వచ్చేది ఆస్తిలో మూడో వంతు. ఉద్యోగం మానేసే ముందే చిన్న ప్లాటైనా తన పేరున రాయించుకోవాలి. సామెతల స్త్రీ తోటకు పెట్టుబడి ఆమె చేతి సంపాదనే కదా.