క్యాసెట్ ప్లేయర్ స్పీడుగా తిరుగుతుంటే: స్క్రూ తిప్పాలా, మోటారు మార్చాలా?

ఘంటసాల గొంతు సన్నబడి, పాట పరుగెడుతోందంటే టేపు సెకనుకు 4.76 సెం.మీ. కంటే వేగంగా కదులుతోందన్నమాట. ముందు క్యాప్‌స్టన్‌ను (టేపును లాగే సన్నని లోహపు కడ్డీని) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. దాని మీద మురికి పేరుకున్నా స్పీడు కాస్త పెరుగుతుంది.

అప్పటికీ తగ్గకపోతే నా ఓటు స్క్రూకే. చాలా మోటార్ల వెనక చిన్న రంధ్రం ఉంటుంది, లోపల స్పీడు సరిచేసే బుల్లి స్క్రూ. 3000 హెర్ట్జ్ శబ్దం ఒక్కటే రికార్డు చేసిన టెస్ట్ టేపు పెట్టి, ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపే యాప్ తెరవండి. 3150 కనిపిస్తే 5 శాతం ఎక్కువ, అంటే దాదాపు అర స్వరం పైకి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పి, ఆగి, మళ్లీ చూడండి. తొందరపడితే స్క్రూ అరిగిపోతుంది. పైసా ఖర్చులేదు, అసలు మోటారు అలాగే ఉంటుంది.

స్క్రూ తిప్పినా స్పీడు మారకపోయినా, సరిచేసిన కాసేపటికే మళ్లీ పెరిగినా లోపల స్పీడును నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. అప్పుడు మోటారు మార్చక తప్పదు. వోల్టేజీ, తిరిగే దిశ, ఆర్‌పీఎం మూడూ కలవాలి. పాత మోటారు పుల్లీనే (బెల్టు తిరిగే చిన్న చక్రాన్నే) కొత్తదానికి వేయండి, పెద్ద పుల్లీ వేస్తే మళ్లీ అదే పరుగు. కొత్త మోటారుకైనా స్క్రూ సర్దుబాటు తప్పదు.