మోకాళ్ళ నొప్పికి ఫిజియోథెరపీయా, యోగానా, రెండూ కలిపా: ఏది మేలు?

"గుజ్జు అరిగిందమ్మా. నేల మీద కూర్చోకండి, మెట్లు తగ్గించండి, ఫిజియోథెరపీ చేయించుకోండి." రెండేళ్ళ క్రితం ఎక్స్‌రే చూసి డాక్టరు గారు మా అమ్మకు చెప్పింది ఇంతే. అప్పటికి అమ్మకు 63 ఏళ్ళు. ఆ సాయంత్రమే పిన్ని ఫోన్ చేసి, "ఫిజియో దండగ అక్కా, యోగా చెయ్యి, మా వీధిలో ఇద్దరికి తగ్గింది" అంది. ఎవరి మాట వినాలో తెలియక అమ్మ మొదట ఒకటి, తర్వాత ఇంకొకటి, చివరికి రెండూ చేసింది. పక్కనుండి అన్నీ చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఫిజియోథెరపీ సంగతి. మొదటి రోజు థెరపిస్టు అమ్మను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "దీన్ని మోకాలితో కిందికి నొక్కండమ్మా, అయిదు లెక్కపెట్టేదాకా వదలొద్దు" అన్నాడు. చిప్పకు కాస్త పైన నా వేళ్ళు పెట్టి చూడమన్నాడు. కుడి తొడ కండరం రాయిలా బిగిసింది. ఎడమది కదిలీ కదలనట్టుంది. నొప్పి అని కాలు వాడం, వాడకపోతే కండరం సన్నబడుతుంది, అది మోయాల్సిన బరువు కీలు మీద పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. అరిగిన గుజ్జును ఏ వ్యాయామమూ తిరిగి తేలేదు కానీ, ఆ కండరాన్ని మాత్రం 63 ఏళ్ళకైనా పెంచుకోవచ్చు. ఏ కాలు ఎంత బలహీనంగా ఉందో చేత్తో పట్టి చూసి, అర కిలో బరువుతో మొదలుపెట్టి కిలోకి తీసుకెళ్ళడం ఫిజియోథెరపిస్టు పని. ఈ విషయంలో యోగా దానికి సాటి రాదు.

అయితే అమ్మ పది సిట్టింగ్‌లలో సగానికి పైగా సమయం మిషన్ కిందే గడిచింది. "కరెంట్ పెడితే హాయిగా ఉందిరా" అనేది. ఇంటికొచ్చాక ఆ హాయి సాయంత్రం దాకా ఉండేది కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవలకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో కీళ్ళ అరుగుదలకు వ్యాయామం అందరికీ ఇవ్వమని, అల్ట్రాసౌండ్, కరెంట్ చికిత్సలు ఇవ్వవద్దని తేల్చి చెప్పింది. మన దగ్గర చాలా చోట్ల దీనికి తలకిందులుగా జరుగుతోంది. సిట్టింగ్‌లు అయిపోయాక ఇచ్చిన వ్యాయామాల కాగితం ఫ్రిజ్ మీద అతికించాం. నెల తిరిగేసరికి అమ్మ దాని వైపు చూడటం మానేసింది. ఫిజియోథెరపీ ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే, సిట్టింగ్‌లు అయిపోయాక.

అప్పుడు పిన్ని మాట గెలిచింది. అమ్మ టీవీ చూస్తూ యోగా మొదలుపెట్టింది. అన్నం తిన్నాక వజ్రాసనం మంచిదని ఎవరో చెప్తే అదీ కూర్చుంది. మూడో రోజుకి ఎడమ మోకాలు వాచింది. మోకాలు పూర్తిగా మడిచి, పైన ఒంటి బరువంతా వేస్తే చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలికి అది పరవాలేదు, అరిగిన మోకాలికి కాదు. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్‌లో లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేస్తుంటే చూడ్డానికి నాకూ ముచ్చటేసింది. కానీ అందరికీ ఒకే వరుస నేర్పే యోగా ఒంట్లో బాగున్నవాళ్ళ కోసం. నొప్పి ఉన్నవాళ్ళకు అదే మందుగా ఇస్తే ఒకరికి తగ్గుతుంది, ఒకరికి వాస్తుంది.

మనిషిని బట్టి యోగా అనేది ఈమధ్య పుట్టిన మాటేమీ కాదు. మైసూరులో, తర్వాత మద్రాసులో నేర్పిన తిరుమలై కృష్ణమాచార్య రోగులకు విడివిడిగా, ఒక్కొక్కరికీ తగినట్టు మార్చి చెప్పేవారు. ఆయన కొడుకు దేశికాచార్ 1976లో చెన్నైలో పెట్టిన యోగ మందిరం కూడా ఆ దారిలోనే నడిచింది. ఆసనానికి మనిషి కాదు, మనిషికే ఆసనం సరిపోవాలన్నది వాళ్ళ పద్ధతి.

వాపు తగ్గాక అమ్మకు దొరికిన యోగా టీచరమ్మ అలాంటి మనిషే. మొదటి గంటలో ఒక్క ఆసనమూ వేయించలేదు. గోడకి ఆనించి కుర్చీ వేసి, "కూర్చుని లేవండమ్మా, చూస్తాను" అంది. అమ్మ ఊపిరి బిగబట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, పళ్ళ బిగువున లేచింది. "ఊపిరి వదులుతూ లేవండి, పాదాలు కాస్త వెనక్కి పెట్టుకోండి." నాలుగోసారికి చేతులు ఊనకుండా లేచింది. నేను చూస్తూ ఉండిపోయాను. కండరానికి ఒక్క పూటలో బలం రాదు. పోయింది భయం. నొప్పి వస్తుందేమోనన్న టెన్షన్‌తో ఒళ్ళంతా బిగబట్టే అలవాటు సడలితే, ఉన్న బలం వాడుకోవడం చేతనవుతుంది. పడుకునే ముందు పది నిమిషాల శవాసనంతో అమ్మకు నిద్ర కూడా కుదిరింది. నిద్ర పట్టని రాత్రి తెల్లారితే నొప్పి రెట్టింపుగా తెలుస్తుందని మోకాళ్ళ నొప్పులున్న ఎవరిని అడిగినా చెప్తారు.

యోగాతోనూ మోకాళ్ళ నొప్పి తగ్గుతుందని చెప్పడానికి మా ఇంటి అనుభవం ఒక్కటే చాలదు. బెంగళూరులో మోకాళ్ళ అరుగుదల ఉన్న 250 మందిపై చేసిన అధ్యయనం 2012లో అచ్చయింది. అందరికీ ముందు మిషన్ చికిత్స ఇచ్చి, ఆ తర్వాత సగం మందితో యోగా, సగం మందితో మామూలు ఫిజియో వ్యాయామాలు రోజుకు 40 నిమిషాలు చేయించారు. రెండు వారాలు దగ్గరుండి, మూడు నెలల దాకా ఇంట్లో. నొప్పి, బిగుసుకుపోవడం యోగా చేసినవాళ్ళకే ఎక్కువ తగ్గాయి. చేసింది యోగా విశ్వవిద్యాలయానికి చెందినవాళ్ళే కాబట్టి కొంచెం ఆచితూచి తీసుకోవాలి. పైగా అందులో నేర్పింది ముందే ఖరారైన వరుస, మనిషిని బట్టి మార్చింది కాదు. కాబట్టి విడిగా మార్చి నేర్పడం ఇంకా మేలన్నది, అమ్మ మోకాలు వాచడం చూశాక నాకు కలిగిన నమ్మకం మాత్రమే.

నా లెక్క ఇది. నొప్పి కొత్తది, వాపు ఉంది, లేదా కాలు బాగా సన్నబడింది అంటే ముందు ఫిజియోథెరపీయే. మూడు నాలుగు వారాలయ్యాక యోగా కలపాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే, పది సిట్టింగ్‌లకు బదులు నాలుగు తీసుకుని, మిషన్ వద్దని చెప్పి వ్యాయామం మాత్రమే నేర్చుకోండి. మిగిలిన డబ్బుతో నెలకోసారైనా యోగా టీచరు దగ్గర కూర్చోండి. సొంతంగా వీడియో చూసి చేయడం అన్నిటికన్నా అధ్వానం. కళ్ళలో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్ళు తలకిందులయ్యే ఆసనాలు, ఎముకలు గుల్లబారినవాళ్ళు నడుము బాగా ముందుకు వంచేవి వేయకూడదని వీడియో వాళ్ళను చూసి ఆపి చెప్పలేదు. మోకాలు ఎర్రగా వేడిగా ఉండి జ్వరం వచ్చినా, కీలు మధ్యలో పట్టేసి కదలకపోయినా ఈ రెండూ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కలిపి చేసేటప్పుడు ఒక చిక్కుంది. ఒకే రోజు పొద్దున టీచరమ్మ వీరభద్రాసనం, సాయంత్రం ఫిజియో గోడకి ఆనుకుని సగం గుంజిళ్ళు. రెండూ పడేది అదే తొడ మీద. ఇద్దరికీ ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. అమ్మ రెండు రోజులు కుంటింది. ఆ తర్వాత ఒక్క కాగితం మీదే ఇద్దరితోనూ రాయించాం. సోమ, బుధ, శుక్రవారాలు బరువుల వ్యాయామం, మిగతా రోజులు యోగా. చేసేటప్పుడు కొంచెం నొప్పి వస్తే పరవాలేదు, మర్నాడు పొద్దుటికి వాపు కనిపిస్తే సగానికి తగ్గించాలి. ఎడమ పక్క ఫిజియో రాత, కుడి పక్క టీచరమ్మ రాత. అడుగున అమ్మ తన ఎర్ర పెన్నుతో రాసుకుంది: "వజ్రాసనం వద్దు." దాని కింద రెండు గీతలు.